పులిరాజా భార్య

2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ అంతటా గోడల మీద, కూడళ్ళలోని పెద్ద పెద్ద బోర్డుల మీద ఒక ప్రశ్న వెలిసింది. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" పులిరాజా ఎవరో మొదట ఎవరికీ తెలియదు. అప్పుడు నేను తిరుపతిలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. బస్టాండు దగ్గర ఆ బోర్డు చూసి మిత్రులమంతా నవ్వుకున్నాం. వారం తిరక్కుండా ఆ పేరు సామెత అయిపోయింది. ప్రతి తరగతిలోనూ ఒక పులిరాజా తయారయ్యాడు. ప్రచారంగా చూస్తే అది ఘనవిజయమే. తెలుగులో ఇన్ని నోళ్ళలో నానిన ఆరోగ్య నినాదం మరొకటి లేదేమో.

ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించిందో ఆలోచించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. పులిరాజాకు భార్య ఉందా? ఉంటే ఆమెకు వస్తుందా? ఈ ప్రశ్న ఏ గోడ మీదా లేదు. సాహిత్య విద్యార్థులం గనుక ఒక రచన ఎవరితో మాట్లాడుతోంది, ఎవరి తల మీదుగా మాట్లాడుతోంది అని చూడడం మన పని. ప్రచార సాహిత్యాన్ని ఆ పరీక్ష నుంచి మినహాయించడానికి కారణం కనబడదు. ఎయిడ్స్ గురించిన జ్ఞానం మన సమాజంలో ఎవరి చేతికి అందింది, అందినవాళ్ళు దానితో ఏం చేయగలిగారు అన్న చరిత్రను చిత్తూరు సీమ నుంచి చూడబోతున్నాను.

చరిత్ర మొదలైంది మనకు పక్కనే. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సోలమన్ మార్గదర్శకత్వంలో పనిచేస్తున్న విద్యార్థిని నిర్మల, నగరంలోని నిర్బంధ గృహంలో ఉన్న స్త్రీల రక్తనమూనాలు సేకరించింది. పరీక్ష చేసే సదుపాయం మద్రాసులో లేదు. వాటిని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసుకువెళ్ళారు. చిత్తూరు వాళ్ళం "రాయవేలూరు ఆసుపత్రి" అని పిలుచుకునే ఆ ఆసుపత్రిలోనే ఈ దేశంలో మొదటిసారి హెచ్.ఐ.వి. బయటపడింది. ఆ ఇద్దరు స్త్రీల శాస్త్రదృష్టిని తక్కువ చేయనక్కరలేదు. అయితే పరీక్షకు నిలబడినవాళ్ళెవరో చూడండి. వ్యభిచార నిరోధక చట్టం కింద పోలీసులు పట్టి తెచ్చి మూసిపెట్టిన పేద స్త్రీలు. వాళ్ళ దగ్గరకు వెళ్ళిన పురుషుల రక్తం ఏ సీసాలోకీ రాలేదు. వ్యాధి ఉన్నదని తేలిన తర్వాత శిక్షాకాలం ముగిసినా విడుదల చేయకుండా తమిళనాడులో కొందరిని నిర్బంధంలోనే ఉంచితే, శ్యామలా నటరాజ్ అనే పాత్రికేయురాలు హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1868లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చినప్పుడు దండులో సుఖవ్యాధులు పెరుగుతున్నాయన్నది దాని బెంగ. స్త్రీల పేర్లు నమోదు చేసి, బలవంతంగా పరీక్షించి, జబ్బున్నవారిని తాళాల ఆసుపత్రుల్లో పెట్టారు. సిపాయిల మీద ఆ బలవంతం లేదు. 1888లో చట్టం రద్దయింది గాని రోగానికి స్త్రీయే పుట్టిల్లన్న ఆలోచన రద్దు కాలేదు. వందేళ్ళ తర్వాత అదే ఆలోచన తెల్లకోటు తొడుక్కుని వచ్చింది.

దీనికి రెండో ముఖం ఉంది. రోగానికి మూలం బజారు స్త్రీ అన్నప్పుడు, సంసార స్త్రీకి ఆ సంగతులు తెలియనక్కరలేదన్నది దానితో పుట్టిన కవల. శరీరాన్ని గురించి తెలిసి ఉండడం ఒక వర్గం స్త్రీలకు వృత్తి, మరో వర్గానికి నేరం. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' విషయంలో జరిగిందేమిటి? పద్దెనిమిదో శతాబ్దిలో తంజావూరు ఆస్థానంలో మెప్పు పొందిన కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చువేయిస్తే, మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. అంతకుముందే వీరేశలింగం గారు ఆ రచన స్త్రీ నోట రాదగనిదని తేల్చి ఉన్నారు. మగకవుల శృంగారానికి లేని అడ్డు ఆమెకు వచ్చింది. సంస్కరణోద్యమం స్త్రీకి అక్షరం ఇచ్చింది. ఆ అక్షరంతో తన శరీరాన్ని చదువుకోకూడదనే షరతు పెట్టింది. ఆ షరతును తెలుగులో సూటిగా తెంచిన పుస్తకం 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు'. స్త్రీల ఆరోగ్యం గురించి స్త్రీలే స్త్రీలతో మాట్లాడిన ఆ పుస్తకం మన సాహిత్య చరిత్రల్లో కనబడదు. కవిత్వమూ కథా కాకపోతే మన పట్టికలకు ఎక్కదు గదా!

ఇక అంకెల సంగతి. 2005–06లో జరిగిన మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద వయోజనుల్లో హెచ్.ఐ.వి. 0.28 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం ఉంది. ఎయిడ్స్ ఎలా వస్తుంది, ఎలా రాదు అన్న సమగ్ర పరిజ్ఞానం దేశంలో స్త్రీలలో 17 శాతానికి, పురుషులలో 33 శాతానికి ఉన్నట్టు అదే సర్వే చెప్పింది. 2019–21 నాటి అయిదో సర్వే నాటికి స్త్రీలలో అది 22 శాతానికి చేరింది, అంతే. డబ్బున్న ఇళ్ళలో, చదువున్న ఇళ్ళలో ఈ జ్ఞానం ఎక్కువ. కూలి ఇళ్ళలో తక్కువ. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగిందే. బడి లేనిచోట, టీవీ లేనిచోట, పగలంతా చేలో ఉండే మనిషికి గోడమీది రాత చదివే తీరిక లేనిచోట జ్ఞానం ఎలా చేరుతుంది?

కాని తెలిసినంత మాత్రాన ఏం జరుగుతుంది? చాలామంది పరిశోధకులు ఇక్కడే ఆగిపోతారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా బడిలో తల్లుల సమావేశం ఒకటి జరిగింది. ఆరోగ్య కార్యకర్త వచ్చి అన్నీ వివరంగా చెప్పింది. మీ ఆయన బెంగుళూరు పనికో లారీ మీదో వెళ్ళి వస్తే నిరోధ్ వాడమని అడగండి అంది. అందరూ తలలు వంచుకున్నారు. సభ ముగిశాక ఒకామె, టమాటా తోటల్లో కూలికి పోయే మనిషి, బయట వరండాలో నాతో అంది: "అడిగితే, నీకెట్లా తెలుసు ఇవన్నీ, ఎవురు జెప్పినారు అంటాడు సార్. ఆ మాటకి ఏం బదులు జెప్పేది?"

నేను బదులు చెప్పలేకపోయాను. నాకు తెలిసిన స్త్రీవాద సిద్ధాంతమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. పురుషుడికి జ్ఞానం రక్షణ. ఆమెకు జ్ఞానమే నేరారోపణ. నిరోధ్ అడగడమంటే భర్తను అనుమానించడం, లేదా తన మీదికి అనుమానం తెచ్చుకోవడం, రెండింటికీ దెబ్బలే. ఆరోగ్య సర్వేలు 'స్వయం నిర్ణయం' అని కొలిచేవి ఏమిటో చూడండి: తన వైద్యం గురించి తానే నిర్ణయించుకోగలదా, పుట్టింటికి ఒంటరిగా పోగలదా, తన సంపాదన తన చేతిలో ఉందా, భర్తకు సుఖవ్యాధి ఉన్నప్పుడు పడకను నిరాకరించవచ్చునా. ఈ చివరి ప్రశ్నకు మన చట్టం ఏం జవాబిస్తుంది? భర్త బలాత్కారం బలాత్కారం కాదనే మినహాయింపు పాత శిక్షాస్మృతిలో ఉండింది, 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త సంహితలోనూ అలాగే ఉంది. చట్టమే ఇవ్వని హక్కును ఆరోగ్య కార్యకర్త ఒక మధ్యాహ్నపు ఉపన్యాసంలో ఇవ్వగలదా?

నిరోధ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. 1968లో ప్రభుత్వం దాన్ని చౌకగా ఊరూరా అమ్మింది. కాని కుటుంబ నియంత్రణ లక్ష్యాల వేటలో మన రాష్ట్రం పట్టుకున్న దారి వేరు. స్త్రీకి ఇద్దరు పిల్లలు పుట్టగానే, చాలామందికి పాతికేళ్ళు నిండకముందే, ఆపరేషన్. ఆంధ్రలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని సర్వేలు చూపుతున్నాయి. నిరోధ్ వాడకం ఒక శాతం కూడా లేదు. భారం మొత్తం ఆమె కడుపు మీద పెట్టాక నిరోధ్‌కు ఇంట్లో పని లేకుండా పోయింది. అది బజారు వస్తువైంది. ఎయిడ్స్ వచ్చాక అదే వస్తువును ఇంట్లోకి తెమ్మని ఆమెకే చెప్పారు. రాజ్యం ఒక చేత్తో మూసిన తలుపును ఆమె వేలితో తీయమనడం కాదా ఇది?

పేదరికం గురించి మన పత్రికల్లో ఒక తేలిక సూత్రం ఉంది: పేదలు గనుక రోగం. ఎయిడ్స్ విషయంలో అది సరిగా అతకదు. మూడో సర్వేలో కడు పేదల్లోనే రోగం ఎక్కువగా ఉన్నట్టు తేలలేదు. చేతిలో నాలుగు డబ్బులాడే, ఊళ్ళు తిరిగే మగవాళ్ళ ఇళ్ళలోనూ ఉంది. పేదరికం పనిచేసేది మరోచోట, ఆమెకు కాదనే వీలు లేకుండా చేయడంలో. పుణెలో సుఖవ్యాధుల చికిత్సాలయాలకు వచ్చిన, ఆ వృత్తిలో లేని స్త్రీలలో దాదాపు 14 శాతానికి హెచ్.ఐ.వి. ఉన్నట్టు 1997లో ఒక అధ్యయనం ప్రకటించింది. వాళ్ళలో అత్యధికులకు తెలిసిన పురుషుడు భర్త ఒక్కడే. పాతివ్రత్యం ఆమెను కాపాడలేదు. ఆమెను ప్రమాదంలోకి నెట్టింది పెళ్ళే.

మన సీమలో పేదరికానికి మరీ క్రూరమైన రూపం ఒకటుంది. నాగలాపురం, సత్యవేడు వైపు, తమిళనాడు సరిహద్దు పల్లెల్లో మాదిగ కుటుంబాల ఆడబిడ్డకు చిన్నప్పుడు జబ్బు చేస్తే మాతమ్మకు మొక్కుకుని ఆమె పేర తాళి కడతారు. ఆ పిల్లకు ఇక పెళ్ళి లేదు. ఊళ్ళో మగవాళ్ళకు అడ్డూ లేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఒక చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1988లో మరో చట్టం వచ్చాయి. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం మాతమ్మ ఆచారం మీద రెండు రాష్ట్రాలకూ నోటీసులు పంపవలసి వచ్చింది. జబ్బు నయం కావాలని మొక్కిన మొక్కు ఆ పిల్లను ఎన్ని జబ్బుల ముందు నిలబెడుతుందో! ఆమెకు కరపత్రం ఇచ్చి ఏం ప్రయోజనం?

ఇక పరీక్షల దగ్గరికి వద్దాం. పేద స్త్రీ రక్తం పరీక్షకు వచ్చే సందర్భాలు ముఖ్యంగా రెండు. ఒకటి గర్భం, రెండు కువైట్ ప్రయాణం. కడప, చిత్తూరు జిల్లాల పడమటి మండలాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ పోయే స్త్రీలకు హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి, ఉంటే ప్రయాణం రద్దు. అప్పు చేసి ఏజెంటుకు కట్టిన డబ్బు మాత్రం రద్దు కాదు. గర్భిణిగా ఆసుపత్రికి పోతే, బిడ్డకు సోకకుండా చూడడానికి పరీక్ష చేస్తారు. మంచి పనే, వేల బిడ్డలను అది కాపాడింది. కాని ఇంట్లో మొదట బయటపడేది ఆమె పేరు. మొదట తెలిసిందే మొదట తెచ్చిందవుతుంది. భర్త పరీక్షకు రాడు. అత్తింటివాళ్ళకు రుజువు అక్కరలేదు. భర్త చనిపోతే ఇల్లు వెళ్ళగొడుతుంది. తండ్రి ఆస్తిలో కూతురికి సమాన భాగం ఇస్తూ ఎన్.టి. రామారావు ప్రభుత్వం చేసిన చట్టం కూడా 1986 నాటిదే. రాయవేలూరులో రోగం బయటపడిన ఏడాదే అది. ఆ భాగం నిజంగా చేతికందిన ఆడకూతుళ్ళను నా పరిచయంలో వేళ్ళ మీద లెక్కించగలను. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించనే లేదు.

అయితే తెలుసుకున్నది శక్తిగా మారిన సందర్భాలు మనకు లేవా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత పాఠంలోని ఒక సీతమ్మ కథ చదివి దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించారు. ఉద్యమం చిత్తూరుకూ పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. ఆ పాఠంలో కొత్త సమాచారం ఏముంది? సారా కొంప ముంచుతుందని వాళ్ళకు ముందే తెలుసు. తేడా ఎక్కడంటే, పదిమంది కలిసి కూర్చుని చదివారు. "నీకెట్లా తెలుసు" అని ఏ మగవాడూ ఒక్కదాన్ని నిలదీయలేకపోయాడు. కలకత్తా సోనాగాచ్చిలో 1992 నుంచి డాక్టర్ స్మరజిత్ జానా పట్టుకున్న దారీ ఇదే. ఆ వాడ స్త్రీలనే కార్యకర్తలను చేశారు. వాళ్ళు సంఘం పెట్టుకున్నాక, నిరోధ్ లేనిదే కుదరదని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. ఒక్కతే అయితే విటుడు పక్క గదికి పోయేవాడు. ఈ వృత్తి స్త్రీల దగ్గర దొరికిన నిరోధ్‌ను పోలీసులు నేరానికి సాక్ష్యంగా చూపకూడదని సుప్రీంకోర్టు చెప్పేసరికి మాత్రం 2022 మే వచ్చింది.

పెళ్ళయిన స్త్రీకి అటువంటి సంఘం ఏది? పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. వాటిలో అప్పు వాయిదాల లెక్క తప్ప పడకగది మాట రాదు. మన ప్రగతిశీల కథకులమూ రానివ్వలేదు. కరువు మీద, ఫ్యాక్షన్ మీద, వలస మీద మనం గొప్ప కథలు రాశాం. వలస పోయినవాడు తిరిగి వచ్చిన రాత్రి గురించి ఎన్ని రాశాం?

వరండాలో నాతో మాట్లాడిన ఆమెకు రెండేళ్ళ తర్వాత, మూడో కాన్పు పరీక్షలో, ఉందని తేలింది. ఆ సంగతి ఊళ్ళో పాకి, ఆమె కొడుకు పక్కన తమ పిల్లల్ని కూర్చోబెట్టవద్దని కొందరు తండ్రులు నా దగ్గరకే వచ్చారు. వాళ్ళలో ఇద్దరు లారీ డ్రైవర్లు. 2004 నుంచి మందులు ఉచితంగా ఇస్తున్నారు గనుక ఆమె బతికింది. బిడ్డకు సోకలేదు. భర్త పరీక్ష చేయించుకోకుండానే పోయాడు. ఇప్పటికీ ఆమె దగ్గరలోని కేంద్రానికి పోదు. ఎవరైనా చూస్తారని తెల్లవారుజాము బస్సెక్కి దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పోతుంది. ఊళ్ళో ఎవరైనా ఎక్కడికి అని అడిగితే, తిరుపతికి, స్వామి దర్శనానికి అంటుంది.