పినాంగు వీధి వంటల్లో చీనా సీమల చరిత్ర

మలేషియాలో పుట్టి పెరిగిన మనకు చీనీయుల వంటకాలు కొత్తవి కావు. మన పిల్లలు బడినుండి వస్తూ దారిలో కుయితియౌ పొట్లం కట్టించుకుంటారు. పెద్దలు తెల్లవారగానే కోపితియాంలో కూర్చుని వార్తాపత్రిక తిరగేస్తారు. ఇంత పరిచయం ఉన్నా ఆ వంటలన్నిటినీ కలిపి 'చైనా తిండి' అని ఒక్క మాటతో సరిపెట్టడం లోకంలో అలవాటయింది. ఆవకాయను, అవియల్‌ను, రసగుల్లాను ఒకే గంపలో వేసి 'ఇండియా తిండి' అనేస్తే మనకు ఎలా ఉంటుందో, హొక్కియన్ల మీని, తియోచ్యూల కుయితియౌని, హైనానీయుల కోడి అన్నాన్ని ఒకటిగా జమకట్టినా వారికి అలాగే ఉంటుంది. ఒక్కొక్క వంట ఒక్కొక్క సీమది. ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క రేవునుండి, ఒక్కొక్క కారణంచేత ఇక్కడికి చేరారు.

ఈ సంగతులను వీధిలో నడుస్తూనే తెలుసుకోవాలని మా సంఘ సభ్యులం కొందరం, పిల్లాపాపలతో సహా, జార్జిటౌనులో ఒక రోజంతా గడిపాము. దారి చూపినది పినాంగులో పుట్టిన ఒక చీనా ఇల్లాలు. ఆమె తండ్రి హొక్కియన్, తల్లి హక్కా. ఆమెను మా పిల్లలు మొదటి గంటలోనే 'ఆంటీ' అని పిలవసాగారు. 1786 లో ఫ్రాన్సిస్ లైట్ రేవు పట్టణంగా నెలకొల్పిన ఈ ఊరిని, మలక్కాతో కలిపి, 2008 లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. యాత్రికులు ఫొటోలు తీసుకొనే గోడబొమ్మలను ఆంటీ మాకు చూపించనేలేదు. నేరుగా పిట్ స్ట్రీటులోని కరుణాదేవి కోవెల దగ్గరికి తీసుకుపోయింది.

1800 లో కట్టిన ఆ కోవెల పేరు కాంగ్ హాక్ కియాంగ్. 'కాంగ్' అంటే కాంటన్ సీమ, 'హాక్' అంటే హొక్కియన్ సీమ. రెండు సీమలవారు చందాలు వేసుకుని కట్టుకున్న గుడి కాబట్టి రెండు పేర్లూ అందులో ఇమిడిపోయాయి. అక్కడికి నాలుగడుగుల దూరంలోనే క్వీన్ స్ట్రీటులో 1833 నాటి మహామారియమ్మన్ ఆలయం, మరికొంచెం ముందుకు పోతే 1801 లో వెలసిన కపితాన్ కెలింగ్ మసీదు. 'కెలింగ్' అనే మాట మన కళింగ దేశపు పేరునుండి వచ్చినదే. ఈనాడు మలేషియాలో ఆ మాటను తిట్టుగా వాడేవారున్నందున మనవారు నొచ్చుకోవడం సహజమే. అయినా విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల సంతతివారికి ఆ పేరు వెనుక తమ తాతల సీమ ఉన్నదని తెలిసి ఉండడం మంచిది.

వీధి వంటలకు మూలం కావడి. ఒక తట్టలో బొగ్గుల పొయ్యి, రెండో తట్టలో సరుకులు, గిన్నెలు పెట్టుకుని భుజాన వేసుకుని తిరిగేవారు. మలాయ్‌లో కావడి మోయడాన్ని 'కందార్' అంటారు. తమిళ ముస్లిములు అలా మోసుకొచ్చి రేవు కూలీలకు అమ్మిన అన్నమే నేటి నాసి కందార్. చీనా వర్తకుడు బండి దగ్గర వంట చేస్తుంటే, ఒక కుర్రవాడు వెదురు చెక్కలు టకటక కొట్టుకుంటూ సందులన్నీ తిరిగి ఎవరికి ఎన్ని గిన్నెలో అడిగి వచ్చేవాడు. ఆ చప్పుడునుబట్టే దానికి 'టోక్ టోక్ మీ' అని పేరు. పెండ్లాం బిడ్డలను చైనాలో వదిలి వచ్చిన ఒంటరి మగవారు గదికి పదిమంది చొప్పున తలదాచుకున్న రోజులవి. వండుకోవడానికి పొయ్యిలేనివారికి వీధే వంటిల్లు. ఈ వంటలు పుట్టినది పేదరికంలోననే సంగతి, నేడు చల్లని గదుల్లో కూర్చుని తినేవారు మరచిపోతున్నారు.

మొదట హొక్కియన్ల మాట. దక్షిణ చైనాలోని ఫ్యూజియన్ తీరమే హొక్కియన్ సీమ. అక్కడి ఆమోయ్ రేవు 1842 సంధి తరువాత విదేశీ ఓడలకు తెరుచుకుంది. అంతకు చాలా ముందునుంచే వీరు సముద్ర వర్తకులు. పినాంగులో సంఖ్యాబలం, ధనబలం వీరివే. ఖూ వంశీయుల సభాభవనం చూస్తే ఆ వైభవం తెలుస్తుంది. 1901 లో కాలిపోయినదాన్ని 1906 నాటికి మళ్ళీ కట్టారు. ఇక వీరి 'హొక్కియన్ మీ' సంగతి వింతైనది. పినాంగులో ఆ పేరు చెబితే రొయ్యల తలలు మరిగించిన ఎర్రని పులుసులో పసుపుపచ్చని మీ, తూటికూర, పైన మిరప సంబల్ వేసి ఇస్తారు. కౌలాలంపూరులో అదే పేరు చెబితే నల్లని సోయా రసంలో వేయించిన లావుపాటి మీ వస్తుంది. సింగపూరులోనైతే రొయ్యల రసం పీల్చుకునేలా మగ్గించి వేయించినది పెడతారు. పేరు ఒకటే, వంటలు మూడు. ఏ ఊరిలో స్థిరపడినవారు ఆ ఊరి సరుకునుబట్టి, ఆ ఊరి నోటినిబట్టి వండుకున్నారు. ఇందులో ఏది అసలైనదని మాలో ఒకరు అడిగితే ఆంటీ నవ్వి, "మీ ఇంట్లో పులుసు, మీ అత్తగారింట్లో పులుసు ఒకటేనా?" అని ఎదురు ప్రశ్న వేసింది.

చూలియా స్ట్రీటులో 1870 లో వెలసిన హాన్ జియాంగ్ ఆలయం తియోచ్యూల పూర్వీకుల గుడి. వీరు స్వాటో రేవు ప్రాంతంవారు. ఎదురుగా ప్రధాన భూమిమీద, నాటి ప్రావిన్స్ వెల్లెస్లీలో, అడవులు కొట్టి మొదట చెరకు తోటలు వేసినది వీరే. తరువాత తెల్లదొరల చెరకు తోటలు పెరిగినప్పుడు ఒప్పంద కూలీలుగా వచ్చిన దక్షిణ భారతీయులు అదే నేలమీద చెమటోడ్చారు. ఆ ఒప్పంద పద్ధతి మలయాలో 1910 లో రద్దయింది. పట్టణంలో తియోచ్యూల స్థావరం కింబర్లీ స్ట్రీటు. పాత చీనీయులు దానిని 'స్వాటో వీధి' అని పిలిచేవారు. సాయంత్రం అక్కడ దీపాలు వెలిగే వేళకు మేము చేరేసరికి బండ్లన్నీ పొగలు కక్కుతున్నాయి.

చార్ కుయితియౌ అక్కడి రాజు. బియ్యపు పిండిని పలచగా ఆవిరిమీద ఉడికించి, పట్టీలుగా కోసినదే కుయితియౌ. దానిని ఇనుప మూకుడులో పెసర మొలకలు, రొయ్యలు, సముద్రపు గుల్లలు, గుడ్డు వేసి భగ్గుమనే మంటమీద క్షణాల్లో వేయిస్తారు. పాత పద్ధతిలో నూనెకు బదులు పంది కొవ్వు వాడేవారు. ఒళ్ళు వంచి పనిచేసేవానికి తక్కువ డబ్బుకి ఎక్కువ బలం కావాలి గదా! ఒక్కొక్క పళ్ళేన్ని విడిగానే వేయించాలి, నాలుగు పళ్ళేలు ఒక్కసారి వేస్తే ఆ కమ్మని మాడు వాసన రాదు. అందుకే బండి దగ్గర అంతసేపు నిలబడాలి. పాతకాలపు వర్తకులు పళ్ళెంలో అరిటాకు ముక్క పరచి దానిమీద వడ్డిస్తారు. అది చూసి మా పెద్దవారికి ప్రాణం లేచివచ్చింది.

'కుయితియౌ' హొక్కియన్, తియోచ్యూ మాట. మాండరిన్‌లో దాని ఉచ్చారణ వేరు. మీ, మీహున్, తౌహు, తౌగే, కిచాప్, పావ్ వంటి మాటలన్నీ ఇలాగే దక్షిణ చైనా సీమలనుండి వచ్చి మలాయ్ భాషలో కలిసిపోయాయి. సంతలో తౌగే అడిగే మన ఇల్లాలు తనకు తెలియకుండానే హొక్కియన్ మాట్లాడుతున్నది.

కాంటనీయులు, హక్కాలు ఎక్కువగా తగరపు గనులకు పోయినవారు. పెరాక్‌లోని లారుట్‌లో గనుల కోసం, నీటి కాలువల కోసం ఈ రెండు పక్షాలు ఏళ్ళ తరబడి నరుక్కున్నాయి. 1874 నాటి పంగ్కోర్ ఒప్పందంతో ఆంగ్లేయులు పెరాక్‌లో కాలుపెట్టడానికి ఆ తగాదాయే సాకయింది. నాడు కత్తులు దూసుకున్నవారి మనుమలు నేడు పక్కపక్క బండ్లమీద ఒకరు వంటన్ మీ, ఇంకొకరు చేపముద్ద కూరిన యోంగ్ తౌ ఫూ అమ్ముకుంటున్నారు.

హైనాన్ దీవివారు అందరికంటె ఆలస్యంగా వచ్చారు. అప్పటికే వర్తకం హొక్కియన్లది, తోటలు తియోచ్యూలవి, గనులు హక్కా, కాంటనీయులవి అయిపోయాయి. మిగిలినది వంటపని. తెల్లదొరల బంగళాల్లో, ఓడల్లో, హోటళ్ళలో వంటవారుగా చేరారు. మంట్రీ స్ట్రీటులో వారి గుడి, సంఘం ఉన్నాయి. తమ స్త్రీలను దీవి దాటించకపోవడం 1920 ల వరకు వారి కట్టుబాటు కావడంచేత మగవారే అన్నీ చేసుకోవలసి వచ్చింది. దొరల కొలువులు తగ్గాక వారు కాఫీ దుకాణాలు తెరిచారు. 'కోపి' మలాయ్, 'తియాం' హొక్కియన్, నడిపినది హైనానీయుడు, తాగినది అందరమూ! స్వగ్రామమైన వెన్‌చాంగ్ కోడిని తలచుకుని ఇక్కడి అల్లం, వెల్లుల్లి, పందాన్ ఆకులతో వండుకున్నదే కోడి అన్నం.

మాలో శాకాహారులున్నారు. వారికి ఆంటీ కోవెల పక్క కొట్టు చూపించింది. చాంద్రమాన నెలలో పాడ్యమి, పున్నమి నాడు చాలామంది చీనీయులు మాంసం ముట్టరు. నిష్ఠగలవారు ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు. కరుణాదేవిని కొలిచేవారిలో అనేకులు గోమాంసం తినరు. వారి తొమ్మిదవ నెలలో తొమ్మిది రోజులు జరిగే నవ చక్రవర్తుల ఉత్సవం తరచు మన శరన్నవరాత్రులతోనే వస్తుంది. ఆ రోజుల్లో వీధంతా పసుపు జెండాలు కట్టి శాకాహారం అమ్ముతారు. ఇచ్చిపుచ్చుకోవడం వంటలోనూ ఉంది. బర్మా రోడ్డులో మట్టి మూకుళ్ళలో బొగ్గుల మీద 'అపోమ్' పోసేవారు చీనీయులు, అది మన దక్షిణాది అప్పమే. చీనా మీతో మీ గోరెంగ్ వేయించేవారు తమిళ ముస్లిములు.

ఇంతగా నిలిచినట్లు కనబడే ఈ సీమల పేర్లకు కూడా గండం లేకపోలేదు. 1920 ల తరువాత చీనా బడుల్లో క్రమంగా మాండరిన్ బోధనాభాష అయింది. నేడు పినాంగు చీనా పిల్లల్లో తాతతో హొక్కియన్ మాట్లాడలేనివారు ఎందరో. ఆంటీ తన తల్లి భాష అర్థం చేసుకోగలదు గాని, ఆమె కూతురికి అదీ లేదు. బండ్ల దగ్గర ముసలివారే ఎక్కువ, చదువుకున్న కొడుకులు పొయ్యి దగ్గర నిలబడరు. విదేశీ పనివారు ప్రధాన వంటవారుగా ఉండరాదని పినాంగు ప్రభుత్వం 2014 లో ప్రకటించి 2016 నుండి అమలు చేసింది. వంటవాడి పాస్‌పోర్టు చూసి రుచిని కాపాడవచ్చునా అన్నది మాకు సందేహమే. అయితే బండి బోర్డుమీద 'తియోచ్యూ', 'హైనాన్' అని రాసి ఉన్నంతకాలం, చదివిన పిల్లవాడు అదెక్కడని అడిగే అవకాశం ఉన్నది.

మన మాటకు వద్దాము. మన తాతలు విశాఖపట్నం, కాకినాడ రేవులు దాటి కంగాణీల వెంట వచ్చారు. వారిని తిన్నగా తోటల్లోని కూలీ లైన్లకు చేర్చారు. తోట కొట్టులో అప్పు, తోట గంటకు పని. 1938 లో ఇండియా ప్రభుత్వం కూలీల వలసను ఆపేదాకా ఇదే వరస. పట్టణపు వీధి లేదు కనుక మన వంటకు బండి లేదు, బండి లేదు కనుక బోర్డు లేదు. లైన్లలో వండినది లైన్లలోనే తిన్నారు. అరిటాకు భోజనం అనే పేరు కింద మన పప్పు, మన పులుసు పొరుగువారి వంటతో కలిసిపోయాయి. ఈ మధ్య కౌలాలంపూరులో కనబడే ఆంధ్ర భోజనశాలలు చాలావరకు కొత్తగా ఇండియానుండి వచ్చిన ఉద్యోగుల కోసం వెలసినవి. వారి పట్టికలో హైదరాబాదు బిర్యానీ ఉంటుంది, గుంటూరు కారం ఉంటుంది. మా అమ్మమ్మలు ఆవపెట్టి వండిన పనసపొట్టు కూర, చోడి అంబలి, బెల్లం వేసిన పులుసు కానరావు. లేత పనస ఈ దేశంలో ఏ సంతలోనైనా దొరుకుతుంది. దానిని సన్నగా కొట్టడం తెలిసిన చేతులే తగ్గిపోతున్నాయి.

దిగువ పెరాక్‌లో ఉన్న మనవారికి పినాంగుదాకా పోనక్కరలేదు. 1982 వరకు తెలుక్ ఆన్సన్ అని పిలిచిన తెలుక్ ఇంతాన్‌లో, 1885 నాటి ఒరిగిన గోపురం ఉన్న ఆ ఊళ్ళోనే, ఎండు రొయ్యలు, సెంగ్‌కువాంగ్ దుంప వేసి చుట్టిన చీ చోంగ్ ఫన్ దొరుకుతుంది. కాంటనీస్‌లో ఆ పేరుకు 'పంది పేగు' అని అర్థం. అది చుట్ట ఆకారాన్నిబట్టి వచ్చిన పేరు.  నదికి ఆవల సితియవాన్‌లో 1903 లో మెథడిస్టు మిషనరీల వెంట వచ్చిన ఫూచౌవారు మట్టి పొయ్యి లోపలి గోడకు అంటించి కాల్చే కాంపియాంగ్ రొట్టె ఉంది. పదహారవ శతాబ్దిలో సముద్రపు దొంగలతో పోరిన చీ జిగ్వాంగ్ అనే సేనాని, రొట్టెకు చిల్లి పెట్టి దండలా సైనికుల మెడలో వేయించాడని వారు చెప్పుకుంటారు.

మా తరువాతి నడక అక్కడే. దానికి ముందు ఒక పని పెట్టుకున్నాము. బాగాన్ దాతో, తెలుక్ ఇంతాన్ తోటల్లో పెరిగిన పెద్దల ఇళ్ళకు వెళ్ళి, లైన్లలో సంక్రాంతికి, శ్రాద్ధానికి, బాలింతకు ఏమి వండేవారో, ఆ వంట ఏ ఊరినుండి వచ్చినదో అడిగి రాసుకుంటున్నాము. మీ ఇంట్లో అలా చెప్పగలవారు ఉంటే మాకు కబురు చేయండి. వంటపేరు, చేసే విధానం, అవ్వ ఊరిపేరు ఈ మూడూ ఉంటే చాలు. తెలుగు రాయడం రానివారు మలాయ్‌లోనో, ఆంగ్లంలోనో రాసి పంపినా వచ్చే సంచికలో తెలుగులో అచ్చువేస్తాము, ఊరిపేరుతో సహా.