వేటకత్తి ఎవరి చేతిలో ఆయుధం?

"అలుగు 9 అంగుళాలు దాటని కత్తి ఎక్కడికి పట్టుకెళ్లినా తప్పులేదు" అన్న మాట ఈ మధ్య చాలామంది నోట వింటున్నాను. వేటకత్తులు, అడవి కత్తులు ఆన్‌లైన్‌లో అమ్మకానికి వచ్చాక మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ కుర్రాళ్లు కూడా ఇదే చెబుతున్నారు. అచానక్‌మార్ అడవి వైపు సరదాగా వెళ్లేటప్పుడు నడుముకు ఒక పెద్ద కత్తి వుండాలని వాళ్ల ముచ్చట. ఇంకోవైపు, అదే అడవి నుంచి భుజాన టంగియా, అంటే గొడ్డలి, వేసుకుని సంతకు వచ్చే బైగా మనిషిని చూసి "వీళ్లు ఎప్పుడు ఎవరిని నరుకుతారో" అని జడుసుకునే పెద్దలూ ఈ కాలనీలోనే వున్నారు. ఈ రెండు నమ్మకాల్లో ఏదీ పరీక్షకు నిలబడదు. హేతువాదులు బాబాల మహిమలను పరిశీలించినట్టే, చట్టం పేరుతో, అనుభవం పేరుతో చలామణీ అయ్యే నమ్మకాలను కూడా పరిశీలించాలి.

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బి.కాం. వకీలును కాను, వేటగాణ్ణి అంతకన్నా కాను. కానీ ఒక వస్తువును ఏ పద్దు కింద రాశారు, ఎందుకు రాశారు అని అడగడం ఉద్యోగం నేర్పిన అలవాటు. పద్దు మారితే అదే వస్తువుకు నియమాలు మారతాయి, జవాబు చెప్పాల్సిన మనిషి మారతాడు. మన దేశంలో పెద్ద కత్తి చరిత్రను ఆ కంటితో చదివితే ఒక సంగతి కనబడుతుంది. పాలకులు కత్తిని కొలుస్తున్నామన్నారు గానీ, చాలాసార్లు కొలిచింది కత్తి పట్టుకున్న మనిషిని.

విల్లమ్ములకు కూడా లైసెన్సు

1857 తిరుగుబాటు తర్వాత ఆంగ్లేయులు జనం దగ్గర ఆయుధాలు ఊడబెరికే పని మొదలుపెట్టారు. 1878లో, లిట్టన్ వైస్రాయిగా వున్నప్పుడు, అది ఆయుధాల చట్టంగా స్థిరపడింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. 1878 చట్టం దృష్టిలో ఆయుధాలంటే తుపాకులు మాత్రమే కాదు. ఖడ్గాలు, బాకులు, ఈటెలు, ఈటె మొనలు, చివరికి విల్లమ్ములు కూడా ఆయుధాలే. లైసెన్సు లేకుండా వీటిని ధరించి తిరగకూడదని 13వ సెక్షను చెప్పింది.

అయితే ఈ చట్టం కింద చేసిన నియమాలు యూరోపియన్లను మినహాయించాయి. ఈ జాతి తేడాను మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాతే తీసేశారు. అంటే దొర తుపాకీ భుజాన వేసుకుని, వేటకత్తి నడుముకు కట్టుకుని షికారుకు వెళితే అది క్రీడ. అదే అడవిలో గోండు మనిషి విల్లు పట్టుకుని వెళితే కాగితం మీద అది నేరం కావచ్చు. మధ్య పరగణాల అడవుల మీద కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్ రాసిన పుస్తకం 1871లో అచ్చయింది. మన అమర్‌కంటక్ ప్రాంతం గురించి కూడా రాసిన ఆ పుస్తకంలో షికారుకు పెద్ద పీట వేశారు. అందులో దొర చేతి ఆయుధం గురించి ఎవరికీ అనుమానం రాదు.

మినహాయింపు పొందిన స్వదేశీయులూ వున్నారు. కొడగు ప్రాంతపు కొడవ జాతివారిని 1861లో అప్పటి ఛీఫ్ కమిషనర్ మార్క్ కబ్బన్ నిరాయుధీకరణ నుంచి మినహాయించాడు. కారణం వాళ్ల విధేయత. కొడవలు సంప్రదాయంగా వెనక నడుముకు తగిలించుకునే వెడల్పాటి ఒడికత్తి నేటికీ వాళ్ల వేడుకల్లో కనబడుతుంది. తుపాకుల విషయంలో వాళ్ల మినహాయింపును కేంద్రం 2019లో మళ్లీ పదేళ్లు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. సిక్కుల కిర్పాన్‌కు ఏకంగా రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే చోటు దొరికింది. ఈ మినహాయింపులు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించవలసింది, వీటిలో ఏదీ కత్తి పదును చూసి ఇచ్చినది కాదు. విధేయత చూసి ఒకరికి, మతం చూసి ఒకరికి, చర్మం రంగు చూసి ఒకరికి ఇచ్చారు.

ఈ చట్టం మీద నిరసన తొందరగానే వచ్చింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆయుధాల చట్టం మీద తీర్మానం చేసింది. 1930 జనవరిలో గాంధీగారు ప్రకటించిన 11 కోర్కెల్లో ఆత్మరక్షణకు ఆయుధాల లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. అహింసావాది ఆ కోర్కె కోరడం విచిత్రంగా తోచవచ్చు. ఆయన అడిగింది తుపాకీ మీద మోజుతో కాదు. మనిషిని నమ్మని ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి.

కత్తి వల్లే హత్యలా?

"వాళ్ల చేతిలో కత్తి వుంటుంది కాబట్టి వాళ్లు హింసాపరులు" అన్నది రెండో నమ్మకం. దీన్ని పరీక్షించడానికి మన దగ్గరే మంచి ఆధారం వుంది. వెరియర్ ఎల్విన్ 1943లో బస్తర్ మారియాల హత్యల మీద, ఆత్మహత్యల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. 100 హత్య కేసులను తీసుకుని ఎందుకు జరిగాయో పరిశీలించాడు. తాగుడు, ఇంటి గొడవలు, ఆస్తి తగాదాలు, చేతబడి చేశారన్న అనుమానం, ఇవీ అతనికి కనిపించిన కారణాలు. మారియాలకు పొరుగునే వున్న మురియాల్లో హత్యలు చాలా తక్కువని కూడా ఎల్విన్ గమనించాడు. రెండు తెగల వాళ్లకూ గొడ్డలి నిత్యం చేతిలో వుండే పనిముట్టే. గొడ్డలే కారణమైతే రెండు చోట్లా ఫలితం ఒకేలా వుండాలి కదా!

మన తెలుగు మన్యం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1879లో రంప ప్రాంతం తిరగబడింది కొండవాళ్ల దగ్గర కత్తులు వున్నాయని కాదు. మన్సబుదారు దోపిడీ, కల్లు గీత మీద పన్నులు, పోలీసుల లంచాలు భరించలేక తిరగబడింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోయింది. అంటే తిరుగుబాటుకు కావలసిన ఆయుధాలు సర్కారు ఠాణాలోనే వున్నాయి. పోడు కొట్టుకునే కత్తిని ఎంత కొలిచినా ఆ తిరుగుబాటు కారణం దొరికేది కాదు.

మూడు, ఆరు, తొమ్మిది

ఇక అంగుళాల సంగతి. స్వతంత్ర భారతంలో 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. ఇది పాత చట్టం కన్నా మెరుగైనది. కేవలం ఇంటి పనికో, వ్యవసాయానికో తయారైన వస్తువులు ఆయుధాలు కావని నిర్వచనంలోనే చెప్పింది. తుపాకీ కాని ఆయుధాలకు దేశమంతటా లైసెన్సు అక్కర్లేదు. ఏదైనా ప్రాంతంలో అవసరమని తోస్తే 4వ సెక్షను కింద నోటిఫికేషన్ ఇచ్చి అక్కడ నియంత్రించవచ్చు.

9 అంగుళాల మాట చట్టంలోది కాదు, 1962 నాటి నియమాల పట్టికలోది. అలుగు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు వున్న కత్తులు, ఇంటికీ సేద్యానికీ శాస్త్రానికీ పరిశ్రమకూ తయారైనవి కాకపోతే, ఆ పట్టికలో ఐదో తరగతి ఆయుధాలు. 2016లో వచ్చిన కొత్త నియమాలు కూడా ఆ తరగతిని కొనసాగించాయి. మన కుర్రాళ్లు ఇంతవరకే చదివి ఆగిపోతున్నారు.

1974 నవంబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బహిరంగ స్థలాల్లో 6 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు వున్న పదునైన ఆయుధాలను అది నియంత్రించింది. అప్పటికి బిలాస్‌పూర్ మధ్యప్రదేశ్‌లోనే వుంది. ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది 2000 నవంబరులో. రాష్ట్రం విడిపోగానే పాత ఉత్తర్వులు వాటంతట అవి రద్దు కావు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ బటన్ నొక్కితే తెరుచుకునే కత్తులకు పెట్టిన కొలత 7.62 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 3 అంగుళాలు. నియమాల్లో 9, మధ్యప్రదేశ్‌లో 6, ఢిల్లీలో 3. ఒక్క అంకె బట్టీపట్టి దేశమంతా తిరిగేవాడు ఏ రైల్వే స్టేషన్లో పట్టుబడతాడో చెప్పలేం. దీనికి తోడు గొడవల సమయంలో ఆయుధాలతో తిరగకూడదని మేజిస్ట్రేటు ఇచ్చే ఉత్తర్వులు వుంటాయి. పాత 144 సెక్షనే 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 163గా మారింది.

అంకెల వల్ల ఇంకో చిక్కు కూడా వుంది. రాయలసీమ వేటకొడవలినే తీసుకోండి. మన భాషలో వేట అంటే అడవి వేటే కాదు, కోసే మేకపోతు కూడా. కొడవలి అంటే సేద్యపు పనిముట్టు. పేరు చూస్తే మాంసం కొట్టేదీ, పైరు కోసేదీ. కానీ ముఠా కక్షల్లో అది ఎందుకు వాడారో అందరికీ తెలుసు. పేరు ఏ పద్దులో రాసినా పని బయటపెడుతుంది. కాబట్టి చట్టం అడగవలసిన అసలు ప్రశ్న, ఇది ఎంత పొడవు అన్నది కాదు, ఇప్పుడు, ఇక్కడ, దీనితో ఏం పని అన్నది.

అడవిలో ఏ కత్తయినా ఆయుధమే

అచానక్‌మార్‌ను 1975లో అభయారణ్యంగా, 2009లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అక్కడ వర్తించేది 1972 నాటి వన్యప్రాణి చట్టం. అందులో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలో విల్లమ్ములు, వలలు, ఉచ్చులు, విషంతోపాటు కత్తులు కూడా వున్నాయి. అంగుళాల ఊసే లేదు. రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి పోకూడదని 31వ సెక్షను. వేటను చట్టం నిషేధించింది కనుక ఇక్కడ సరదా వేటగాడికి "వేటకత్తి" అన్న పేరే ఒక అబద్ధం. ఆయుధాల చట్టంలో తప్పించుకున్న చిన్న కత్తి కూడా వన్యప్రాణి చట్టంలో దొరికిపోతుంది.

ఇందులో అన్యాయం ఎక్కడంటే, ఆ అడవి అంచున బతికే బైగాకు కత్తి, గొడ్డలి సరదా సామాను కాదు. కట్టె కొట్టడం, వెదురు నరకడం, దారి చేసుకోవడం అన్నీ వాటితోనే. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. అడవి జంతువుల కోసం ఆ నిర్ణయం సమంజసమే అనుకుందాం. కానీ వెదురు హక్కు ఇచ్చి, వెదురు నరికే కత్తిని అనుమానంగా చూస్తే ఆ హక్కుకు విలువేముంది?

బయటి దేశాల్లోనూ భయమే చట్టం రాసిన సందర్భాలు వున్నాయి. అమెరికాలో 1827 నాటి ఒక కొట్లాటతో జేమ్స్ బోవీ పేరు, అతని పెద్ద కత్తి పేరు మారుమోగాయి. పదేళ్లు తిరిగేసరికి, 1837లో, అలబామా రాష్ట్రం ఆ కత్తి మీద 100 డాలర్ల పన్ను వేసింది. బ్రిటన్ 1988 చట్టం కొంత నయం. 3 అంగుళాల లోపు మడత కత్తిని వదిలేసి, మడవని కత్తిని బహిరంగ స్థలంలో పట్టుకెళ్లేవాడు సరైన కారణం చూపాలంది. వృత్తిపని కారణంగా చెల్లుతుంది. అంటే అక్కడ అంకె తర్వాత పని కూడా చూస్తారు.

దయ్యాలు, టోన్హీలు

ఇనుముకు దయ్యాలు భయపడతాయని పురిటి గదిలో కత్తి పెట్టే ఇళ్లు మనలో ఎన్నో. దసరాకు ఆయుధపూజ, సెప్టెంబరు 17న రైల్వే వర్క్‌షాపుల్లో విశ్వకర్మ పూజ. ఇవి పెద్దగా హాని చెయ్యని నమ్మకాలే కదా అంటారు కొందరు. కానీ కనబడని శక్తులు మనుషులకు హాని చేస్తాయన్న అదే నమ్మకం ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఒక ఆడమనిషిని "టోన్హీ" అని వేలెత్తి చూపిస్తుంది. ఆ తర్వాత కట్టె కొట్టే టంగియానే ఆమె మీద లేస్తుంది. ఈ దారుణాల వల్లే 2005లో రాష్ట్రం టోన్హీ వేధింపుల నివారణ చట్టం చేసింది. ఫలానా ఆమె టోన్హీ అని ముద్ర వెయ్యడమే ఆ చట్టం కింద నేరం.

అంగుళాల లెక్కలన్నిటికన్నా ఈ చట్టం దిశ సరైనదని నా అభిప్రాయం. ఇది గొడ్డలిని కొలవలేదు. గొడ్డలిని ఎత్తించే నమ్మకాన్ని, ఆ నమ్మకాన్ని రగిలించే మనిషిని పట్టుకుంది. ఎల్విన్ చూపిన కారణాల్లో చేతబడి అనుమానం 1943లో వుంది. చట్టం రావడానికి 2005 దాకా పట్టింది.

కాబట్టి కాలనీ కుర్రాళ్లకు నేను చెప్పేది, మీకు అడవిలో ఆ కత్తితో పనిలేదు, ఇంట్లో వుంచండి. సంతలో టంగియా చూసి జడుసుకునే పెద్దలకు చెప్పేది, ఆయనకు దానితో పని వుంది, దారి ఇవ్వండి. ఇక హేతువాద మిత్రులకు ఒక మాట. ఏ పల్లెలోనైనా ఒక ఆడమనిషి మీద టోన్హీ అన్న మాట పుట్టిందని వింటే వెంటనే వెళ్లండి. గొడ్డలి లేచాక చేయగలిగింది చాలా తక్కువ.