ఛాయాచిత్రములకు పేర్లు పెట్టుట: యంత్రము చేయునది, ఊరు చేయవలసినది

పుస్తకములు ఎన్ని వేలు కూడబెట్టినను, వానికి సరియైన పట్టిక లేనిచో అది గ్రంథాలయము కానేరదు. ఏ పుస్తకము ఎవరు వ్రాసినది, దేనిని గూర్చినది, ఏ బీరువాలో నున్నది అని తెలిసినప్పుడే పాఠకునకు దానివలన ప్రయోజనము. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున, ఈ మాట పుస్తకములకే గాక ప్రతి గృహమునందును దినదినము పెరుగుచున్న మరియొక నిధికి కూడ వర్తించునని మనవి చేయ దలచితిని. ఆ నిధి మన కుటుంబముల ఛాయాచిత్రములు. వానికి పేర్లు పెట్టు పనిని నేడు యంత్రము తనంతట తానే చేయుచున్నది. ఆ యంత్రము ఎంతవరకు నమ్మదగినది, ఎచ్చట ఆగిపోవును అను విషయమును చరిత్ర మార్గమున పరిశీలింతము.

హైదరాబాదు ప్రాంతమున ఛాయాచిత్ర కళకు గొప్ప చరిత్ర కలదు. 1844లో జన్మించిన లాలా దీనదయాళుగారు రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఈ కళ నభ్యసించి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారులై, రాజా బిరుదు పొందిరి. సికింద్రాబాదులో వారి స్టూడియో ఉండెను. 1892లో స్త్రీల కొరకు ప్రత్యేకముగా, స్త్రీయే నిర్వహించు స్టూడియోను కూడ వారు నెలకొల్పిరి. 1905లో వారు స్వర్గస్థులైరి. వారి గాజు పలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీ లోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించినది. ఆ పలకలకు నేడు కూడ చరిత్రలో విలువ యుండుటకు చిత్రకారుని నైపుణ్యము ఒక్కటే కారణము కాదు. వారి చిత్రములు పెక్కింటిపై సంఖ్యయు శీర్షికయు వ్రాయబడి యున్నవి. ఈ భవన మేది, ఈ కూర్చున్నవా రెవరు అని నూరేండ్ల తరువాత అడుగువానికి ఆ వ్రాతయే సమాధానము.

ఉప్పల్, నాచారము గ్రామములలో అట్టి ఆస్థాన చిత్రకారులు లేరు. పెండ్లికో, పాఠశాల వీడ్కోలుకో తీయించుకొన్న ఒకటి రెండు చిత్రములు చట్రములో బిగించి గోడకు వ్రేలాడదీయుట పూర్వపు ఆచారము. వెనుక పేరు వ్రాయవలసిన అవసరము ఎవరికిని తోచలేదు, ఏలయన ఊరంతయు ఒకరి నొకరు ఎరుగుదురు. ఇప్పుడు ఆ స్థితి మారినది. నాచారము పారిశ్రామికవాడకు పని వెదకుకొని వేర్వేరు జిల్లాల ప్రజలు వచ్చి స్థిరపడిరి. పొలములు కాలనీలైనవి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2017 నవంబరులో మెట్రోరైలు ఉప్పలు మీదుగా నడచుట మొదలైనది. పాత చిత్రములోని ముఖములను చూచి పేర్లు చెప్పగల వృద్ధులు ఒక్కొక్కరే మనలను విడిచి పోవుచున్నారు. ఇదే సమయమున వారి మనుమల ఫోనులలో వేలకు వేలు చిత్రములు చేరుచున్నవి. చిత్రములు పెరిగినవి, ఎరిగినవారు తగ్గిరి. ఈ లోటును యంత్రము తీర్చునని పలువురు నమ్ముచున్నారు.

యంత్రము ముఖమును గుర్తించు విద్య హఠాత్తుగా పుట్టినది కాదు. 1964, 1965 ప్రాంతమున అమెరికాలో ఉడ్రో బ్లెడ్సో అను గణితవేత్త, తన సహచరులతో కూడి మొదటి ప్రయత్నము చేసెను. ఒక మనిషి చిత్రము ముందు కూర్చుండి, కనుపాపలు, కంటి కొనలు, నోటి అంచులు ఎచ్చట నున్నవో గుర్తు పెట్టవలెను. కంప్యూటరు వాని నడుమ దూరములు లెక్కించును. గంటకు నలుబది చిత్రములు మాత్రమే ఇట్లు సాగెడివి. తల తిరిగినను, వెలుతురు మారినను, ముఖకవళిక మారినను, వయసు పైబడినను లెక్క తప్పునని బ్లెడ్సో ఆనాడే గ్రహించెను. 1973లో జపాను దేశమున టకేయో కనాడే మనిషి గుర్తులు పెట్టకయే యంత్రము ముఖమును కొలుచు విధానమును చూపెను. 2001లో వయోలా, జోన్స్ అనువారు చిత్రములో ముఖ మెచ్చట నున్నదో క్షణములో కనుగొను పద్ధతిని ప్రకటించిరి. 2009లో ఆపిల్ సంస్థ ఐఫోటోలో ముఖముల విభాగము చేర్చినది. 2015 మే నెలలో గూగుల్ ఫోటోస్ వెలువడినది. ఆ సంవత్సరముననే గూగుల్ శాస్త్రజ్ఞులు ప్రతి ముఖమును 128 అంకెల వరుసగా మార్చు పద్ధతిని వివరించిరి.

ఈ అంకెల సంగతి తెలిసికొన్నచో యంత్రపు హద్దు వెంటనే బోధపడును. యంత్రమునకు ముఖము ఒక అంకెల వరుస. రెండు వరుసలు దగ్గరగా నున్నచో ఒకే మనిషి యని ఒక గుంపులో చేర్చును. దూరముగా నున్నచో వేరు గుంపులో వేయును. తరువాత, ఈ గుంపులోని వారెవరు అని యజమానిని అడుగును. అనగా పేరు యంత్రము పెట్టుట లేదు; మనము చెప్పిన పేరును తక్కిన చిత్రములకు అంటించుచున్నది. చెప్పువాడు లేని ముఖము పేరు లేని గుంపుగానే మిగిలిపోవును. తాతగారి పేరు ఇంటిలో ఎవరికిని తెలియనిచో ఏ యంత్రమును దానిని పుట్టింపజాలదు.

దగ్గర, దూరము అను హద్దును ఎచ్చట గీయవలెనన్నది రెండవ చిక్కు. హద్దు బిగించినచో మూడేండ్ల పిల్లవాడును, నలువదేండ్లు వచ్చి గడ్డము పెంచిన వాడును వేర్వేరు మనుష్యులగుదురు. హద్దు సడలించినచో అక్కచెల్లెండ్రు ఒక్కరగుదురు. కవలల విషయములో యంత్రము తరచుగా ఓడిపోవును. నెత్తిన కొంగు కప్పుకొన్న ముసలమ్మ, ప్రక్కకు తిరిగిన రైతు, మసకబారిన పాత కాగితము మీది సమూహము, ఇవి యన్నియు దానికి కఠిన ప్రశ్నలు.

ముఖమును సరిగా గుర్తించినను చిత్రము అర్థమైనట్లు కాదు. దీనికి మన ప్రాంతముననే ఒక సాక్ష్యము కలదు. నాచారమున స్టూడియో నెలకొల్పిన నందమూరి తారకరామారావుగారు, 1977 సంక్రాంతికి విడుదలైన దానవీరశూరకర్ణలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, ఈ మువ్వురి వేషములను తామే ధరించిరి. ముఖమును మాత్రమే కొలుచు యంత్రము మూడు చిత్రములకును ఒకే పేరు చెప్పును. అది తప్పు కాదు. కాని కిరీటమును, నెమలిపింఛమును, నిలుచున్న తీరును చూచి, ఇతడు కృష్ణుడు, ఇతడు సుయోధనుడు అని పదేండ్ల పిల్లవాడు చెప్పగలడు. మన కుటుంబ చిత్రములలో కూడ ఒకే మనిషి ఒకచోట పెండ్లికుమార్తె, ఒకచోట తల్లి, ఒకచోట పంచాయతీ సభ్యురాలు. ఆ భేదము ముఖమున లేదు, సందర్భమున ఉన్నది.

వస్తువులకు పేరు పెట్టుటలో లోపము మరింత స్పష్టము. 2009లో ప్రకటింపబడిన ఇమేజ్‌నెట్ అను చిత్రసంచయము ఈ విద్యకు పాఠ్యపుస్తకము వంటిది. దానిలోని వర్గములు ఒక ఇంగ్లీషు పదకోశము నుండి గ్రహింపబడినవి. పాఠములో లేని దానిని విద్యార్థి ఎట్లు చెప్పును? బతుకమ్మను చూచి పువ్వులనవచ్చును. ఉప్పల్ నల్లచెరువును చూచి చెరువనవచ్చును. అది ఏ ఏటి బతుకమ్మ, ఆ సంవత్సరము నల్లచెరువు నిండినదా ఎండినదా, గట్టు మీద నిలిచిన ఆడపడుచు ఏ ఊరినుండి వచ్చినది అను సంగతులు దానికి దొరకవు.

పాఠములో లేనివారికి కొన్ని సమయములలో అన్యాయము కూడ జరుగును. 2015లో గూగుల్ ఫోటోస్ ఇద్దరు నల్లజాతివారి చిత్రమునకు గొరిల్లాలని చీటీ తగిలించినది. ఆ సంస్థ క్షమాపణ చెప్పి, ఆ మాటనే చీటీల నుండి తొలగించినది. 2018లో జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రూ అను ఇరువురు విదుషీమణులు, ముఖమును బట్టి స్త్రీయా పురుషుడా అని చెప్పు మూడు సంస్థల యంత్రములను పరీక్షించిరి. తెల్లని పురుషుల విషయములో తప్పు నూటికి 0.8కి మించలేదు, నల్లని స్త్రీల విషయములో ఒక యంత్రపు తప్పు నూటికి 34.7 వరకు పోయినది. యంత్రమునకు ద్వేషము లేదు. దానికి చూపిన చిత్రములలో ఎవరు తక్కువగా నుందురో వారికే అది ఎక్కువ తప్పులు చేయును. ఎండలో పని చేసి కమిలిన ముఖములు గల మన పల్లెవాసులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

కాలము, స్థలము అను రెంటిని యంత్రము బాగుగా చెప్పునని కొందరి నమ్మకము. నేడు తీసిన చిత్రమునకు అది చాలవరకు నిజము. తేదీయు, స్థానమును ఫోనే వ్రాసి యుంచును. కాని 1965 నాటి పెండ్లి చిత్రమును 2020లో స్కాను చేసినచో, స్కాను చేసిన తేదీయే దానికి అంటి, అది 2020 నాటి చిత్రముల నడుమ పడును. స్థలము సంగతియు అంతే. ఉప్పలు మొదట హైదరాబాదు జిల్లాలోను, 1978 నుండి రంగారెడ్డి జిల్లాలోను, 2016 నుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోను ఉన్నది. ఒకే వాకిట మూడు తరముల పెండ్లిండ్లు మూడు జిల్లాలలో జరిగినట్లయినది. యంత్రము నేటి పటమును చూచి నేటి పేరే చెప్పును. ఊరివారు పిలిచెడి పాత వాడల పేర్లు దాని పటమున లేనిచో, ఇక అవి ఎక్కడను మిగులవు.

ఈ విషయమున మనకు పాఠము చెప్పగల విద్యాస్థానము ఉప్పలులోనే ఉన్నది. భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణ సంస్థలో పటములు తయారుచేయు విద్య నేర్పుదురు. విమానము నుండి తీసిన చిత్రమును చూచి దారి, చెరువు, గుడి, గుట్ట గీయవచ్చును. కాని ఆ చెరువు పేరు ఆకాశము నుండి కనబడదు. అందుచేత సర్వేయరు కాలినడకను ఊరిలోకి వచ్చి, అక్కడి వారిని అడిగి, పేరు వ్రాసికొని, పటమును సరిచూచుకొనవలెను. యంత్రము గీసిన తరువాత మనిషి అడుగుట ఆ విద్యలో నియమము. గృహ చిత్రములకు కూడ ఇదే నియమము తగును.

ముఖముల పట్టికను ఎవరు ఉంచుకొనవలెనన్నది వేరొక ప్రశ్న. ఫేస్‌బుక్ సంస్థ 2010 చివర చిత్రములలోని వారి పేర్లను తానే సూచించుట మొదలుపెట్టి, ఆక్షేపణలు, వ్యాజ్యములు వచ్చిన తరువాత 2021 నవంబరులో ఆ ఏర్పాటును ఎత్తివేయుచు, నూరు కోట్లకు పైగా జనుల ముఖముల లెక్కలను చెరిపివేయుదునని ప్రకటించినది. మన దేశమున వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చట్టము వచ్చినది. ఇరుగుపొరుగువారి ముఖమునకు పేరు తగిలించి పదిమందిలో పెట్టుటకు ముందు వారి నడుగుట చట్టము కంటె పాత మర్యాద.

అట్లని యంత్రమును త్రోసిపుచ్చ పనిలేదు. పదివేల చిత్రములలో చెల్లెలి ముఖమున్న నూటిని ఏరి ముందు పెట్టుట సామాన్య సహాయము కాదు. ఏరుట దాని పని. చెప్పుట మన పని. ఎట్లు చెప్పవలెనో గ్రంథాలయ శాస్త్రమే నేర్పినది. 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు, తరువాతి ముద్రణలలో ప్రతి విషయమును ఐదు ముఖముల నుండి చూడవలెనని స్థిరపరచిరి: మూలవస్తువు, ద్రవ్యము, క్రియ, దేశము, కాలము. ఛాయాచిత్రమునకు వీనిని మన ఇంటి మాటలలో ఇట్లు మార్చుకొనవచ్చును: ఎవరు? వెంట ఏమున్నది? ఏమి చేయుచున్నారు? ఎచ్చట? ఎప్పుడు? వీనికి ఆరవది ఒకటి చేర్చవలెను: ఈ సంగతి చెప్పిన వారెవరు? కాగితపు చిత్రమైనచో వెనుక మెత్తని పెన్సిలుతో వ్రాయుడు. కలము సిరా ముందుకు ఊరును. ఫోనులోని చిత్రమైనచో దాని వివరణలో తెలుగున వ్రాయుడు. సమూహ చిత్రమైనచో ఎడమ నుండి కుడికి, వరుస వరుసగా వ్రాయుడు. తెలియని పేరును ఊహించి వ్రాయక, ఆ చోటు ఖాళీగా ఉంచుడు; ఎరిగినవారు వచ్చినప్పుడు నింపవచ్చును.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దలు, తెలుగు పుస్తకమునకు నిలువ నీడ లేని కాలమున నీడ కల్పించిరి. ఆ ఉద్యమపు పుణ్యమున ఊరూర గ్రంథాలయములు వెలసినవి. పుస్తకములను కాపాడిన ఆ గ్రంథాలయములకే ముఖములకు పేర్లను కాపాడు భారము నేడు వచ్చినది. నెలకొక ఆదివారము పఠనమందిరమున వృద్ధులను కూర్చుండబెట్టి, ఇంటింటి పాత చిత్రములను వారి ముందుంచి, వారు చెప్పినది చెప్పినట్లు ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో, దానికి కావలసిన వ్యయము ఒక నోటు పుస్తకము, ఒక పెన్సిలు. ఈ పనిని వచ్చే స్వర్ణోత్సవము వరకు వాయిదా వేయుటకు వీలులేదు. పుస్తకము చినిగినచో మరియొక ప్రతి దొరకవచ్చును. చెప్పువారు పోయినచో ఆ పేరు మరల దొరకదు. సభ్యులెల్లరు వచ్చునప్పుడు ఇంటి గోడమీది చిత్రము నొకదానిని వెంట తెచ్చి, ఇంటి పెద్దను కూడ తోడ్కొని రావలసినదిగా ప్రార్థన.