నలుగురు చెప్పిన కథ

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల ఎక్కడి చర్చికి వెళ్లినా ఆరాధన దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు, ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగం, నడుమ నడుమ కీర్తనలు. ఏప్రిల్ ఎండకు రేకుల కప్పు కాగుతున్నా జనం కదలరు. ఆ ఏడు మాటలూ చాలామందికి కంఠతా వచ్చు. అయితే అవి ఏడూ కలిసి ఏ ఒక్క సువార్తలోనూ లేవు. లూకాలో మూడున్నాయి, యోహానులో వేరే మూడున్నాయి. దేవుడు తన చెయ్యి ఎందుకు విడిచాడన్న ఆక్రందన ఒక్కటే మత్తయి, మార్కులకు ఉమ్మడి.

మార్కు కథలో సిలువ మీది యేసు ఆ ఒక్క మాటే అంటాడు, ఆ తరవాత పెద్ద కేక వేసి ప్రాణం విడుస్తాడు. ఇరుపక్కలా ఉన్న దొంగలిద్దరూ ఆయన్ని తిట్టినవాళ్లే. లూకా దగ్గరికొస్తే ఒక దొంగ పశ్చాత్తాపపడతాడు, యేసు అతనికి పరదైసు మాట ఇస్తాడు, నెమ్మదిగా తన ఆత్మను తండ్రికి అప్పగిస్తాడు. యోహాను దగ్గర ఆయన తల్లిని శిష్యుడి చేతిలో పెట్టి, పని ముగిసిందని ప్రకటించి తల వంచుతాడు. ఈ మూడింటినీ ఒక్క మధ్యాహ్నంలోకి కూర్చిన ఆరాధన పద్ధతి 17వ శతాబ్దం చివర పెరూ దేశంలోని లీమాలో ఒక జెస్యూట్ గురువు చేతుల్లో రూపు దిద్దుకుంది. తెలుగు సంఘాలు దాన్ని ఎంతగా సొంతం చేసుకున్నాయంటే, ఇది కూర్పు అన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

క్రిస్మస్ నాటకం కూడా అంతే. గొంగడి కప్పుకుని కర్ర పట్టిన పిల్లలు గొల్లలు. మెరుగు కాగితం కిరీటాలు పెట్టుకున్న ముగ్గురు జ్ఞానులు. రెండు గుంపులూ ఒకే పశువుల పాకలో ఒకే తొట్టి చుట్టూ మోకరిల్లుతాయి. గొల్లలు లూకా మనుషులు, జ్ఞానులు మత్తయి మనుషులు. ఒకరి సంగతి రెండోవాడు ఎత్తడు. మత్తయి జ్ఞానులు వచ్చింది ఇంటికి, వాళ్లు ముగ్గురని కూడా ఆయన చెప్పలేదు. లూకా ప్రకారం యోసేపు కుటుంబం గుడిలో మొక్కు చెల్లించుకుని నజరేతు వెళ్లిపోతుంది. మత్తయి ప్రకారం రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోతుంది.

వినేవాడికి తెలియని తేడా చదివేవాడికి కనబడుతుంది. అదీ రెండు పేజీలు పక్కపక్కన తెరిచినప్పుడే. ఉత్తర తెలంగాణ క్రైస్తవం నూటముప్పై నలభై ఏళ్లుగా వినడం నుంచి చదవడం వైపు, చదవడం నుంచి అడగడం వైపు నడుస్తూ వచ్చింది. ఈ అడిగే దశలో మన సంఘాలు తడబడుతున్నాయన్నది నా బాధ. తడబడాల్సిన అవసరం లేదనడానికి చరిత్రలోనే కావలసినంత ఆధారం ఉంది.

నాలుగు సువార్తలను ఒకటిగా కుట్టే పని రెండో శతాబ్దంలోనే జరిగింది. తాతియాను అనే అస్సీరియా పండితుడు క్రీ.శ. 170 ప్రాంతంలో నాలుగింటినీ కలిపి దియాతెస్సరోన్ అనే ఒకే కథ తయారుచేశాడు. యేసు వంశావళులు రెండింటినీ అందులోంచి తీసేశాడు. యోసేపు తండ్రి మత్తయిలో యాకోబు, లూకాలో హేలీ. పొసగనిదాన్ని వదిలేయడం ఆయనకు సులువనిపించి ఉండాలి. సిరియా దేశపు సంఘాలు ఆ పుస్తకాన్నే రెండు వందల ఏళ్లకు పైగా ఆరాధనలో చదువుకున్నాయి. నాలుగో శతాబ్దంలో మహాకవి ఎఫ్రేము వ్యాఖ్యానం రాసింది కూడా దాని మీదే. అయిదో శతాబ్దంలో గాలి తిరిగింది. తియొదొరేతు అనే బిషప్పు తన ప్రాంతంలో రెండు వందలకు పైగా ప్రతులు సేకరించి పక్కన పెట్టించి, వాటి స్థానంలో నాలుగు సువార్తలను విడివిడిగా ఇప్పించాడు.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. 1962లో చాందా కేంద్రంగా కేరళ నుంచి వచ్చిన సి.ఎం.ఐ. గురువులకు అప్పగించిన మిషన్ ప్రాంతంలోంచి, 1999లో ఆదిలాబాద్ మేత్రాసనం విడిగా ఏర్పడింది. మంచిర్యాల దాని కేంద్రం. అది సీరో మలబారు సంప్రదాయానిది. అంటే తూర్పు సిరియా ఆరాధన వారసత్వం ఉన్నది. ఒకప్పుడు ఒకే కలగలుపు సువార్త చదివి, తరవాత నాలుగింటికి మళ్లిన ఆ సంఘాల వంశవృక్షంలో ఒక కొమ్మ ఇవాళ గోదావరి ఒడ్డున ఉంది. నాలుగు గొంతుకలను ఒకటి చేయకూడదన్న నిర్ణయం ఎవరో నాస్తికుడు చేసింది కాదు. తేడాలు ఎరిగీ, వాటిని చెరిపేసిన పుస్తకం చేతిలో ఉండీ, సంఘమే తేడాలున్న నాలుగింటిని ఎంచుకుంది.

ఎంచుకున్నాక జవాబు చెప్పుకోక తప్పలేదు. వంశావళుల చిక్కును మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్, పిల్లలు లేకుండా పోయినవాడి భార్యను తోడబుట్టినవాడు పెళ్లాడే యూదుల ఆచారంతో విప్పజూశాడు. ఒకరు కన్నతండ్రి, మరొకరు చట్టం ప్రకారం తండ్రి అన్నాడు. క్రీ.శ. 400 ప్రాంతంలో అగస్టీను సువార్తల పొందిక మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఆయన జెరోముకు రాసిన ఒక ఉత్తరంలోని పద్ధతి నాకు ఇప్పటికీ నచ్చుతుంది. లేఖనంలో సత్యానికి విరుద్ధమైనది కనబడితే ప్రతి తప్పై ఉండాలి, లేదా అనువాదకుడు పొరబడి ఉండాలి, లేదా తనకే అర్థం కాకపోయి ఉండాలి అని. మూడోది ఒప్పుకోవడానికి పండితుడికి ధైర్యం కావాలి.

కరీంనగర్ మట్టికి ఈ తరహా ప్రశ్న కొత్త కాదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. ఆ అన్నదమ్ములు నమ్మిన జైనం, ఒక వస్తువు గురించి ఏ ఒక్క మాటా సంపూర్ణం కాదని, చూసే కోణాన్ని బట్టి నిజం పలుకుతుందని అనేకాంతవాదంగా బోధించింది. ఇటు మీమాంసకులు వేదవాక్యాల నడుమ వైరుధ్యం మీద శాస్త్రమే నిర్మించారు. అతిరాత్ర యాగంలో షోడశి పాత్ర తీసుకోమని ఒక వాక్యం, తీసుకోవద్దని మరో వాక్యం. రెండూ శ్రుతే కనక దేన్నీ కొట్టేయకూడదు, అది వికల్పం అన్నారు. గ్రంథం మీద గౌరవం ఉన్నవాడు తేడా చూసి బెదిరిపోనక్కరలేదని ఈ నేల వెయ్యేళ్ల కిందటే ఎరుగును.

సువార్త ఇక్కడికి చేరింది ఆలస్యంగానే. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, దే గ్రాంజ్‌లు ఆనందరాయరు సాయంతో తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. నిజాం రాజ్యపు ఈ మూలకు వెస్లియన్ మెథడిస్టులు 1880ల్లో వచ్చారు. మాలపల్లెలు, మాదిగవాడలు వాళ్లను విన్నాయి. తరతరాలుగా అక్షరం ముట్టనివ్వని జనం వాళ్లు. సర్కారు బడి ఉన్నచోట కూడా చదువు ఉర్దూలో. కాబట్టి బైబిలు వాళ్లకు మొదట పుస్తకంగా అందలేదు. భజనగా, కథగా, కీర్తనగా అందింది. ఒగ్గుకథ వినే చెవులకు ఒకే కథ ఊరూరికీ కొంచెం మారుతుందని తెలియనిది కాదు. అందుకని తొలి తరం విశ్వాసులకు మత్తయికీ లూకాకూ లెక్క కుదరలేదన్న దిగులు ఉండి ఉండదని నా అంచనా. వాళ్లకు కావలసింది, తమను మనుషులుగా చూసే దేవుడి కబురు. అది నాలుగింటిలోనూ ఉంది.

ప్రశ్న బయటి నుంచి వచ్చింది, గట్టిగా వచ్చింది. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో జర్మన్ మిషనరీ ఫాండర్‌తో మౌలానా రహమతుల్లా కైరానవీ, డాక్టర్ వజీర్ ఖాన్ రెండు రోజులు బహిరంగ వాదన చేశారు. యూరప్ పండితులు బైబిలు ప్రతుల మీద అప్పటికే రాసిన విమర్శ వజీర్ ఖాన్ చేతిలో ఉంది. ఫాండర్‌కు ఆ తయారీ లేదు. ప్రతుల్లో కొన్నిచోట్ల మార్పులు జరిగాయని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. తరవాత రహమతుల్లా అరబ్బీలో రాసిన ఇజ్హారుల్ హక్ 1864లో వెలువడింది. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర ఆ పుస్తకం ప్రతి అహ్మద్ దీదాత్ అనే కుర్రాడి కంటపడటంతోనే ఆయన వాదనల జీవితం మొదలైంది. ఇవాళ గోదావరిఖని కుర్రాడి ఫోనులోకి వచ్చే బైబిలు వైరుధ్యాల వీడియోలకు మూలాలు వెతికితే చాలావరకు ఆగ్రా వాదనకే చేరతాం. ఆర్యసమాజం మరో దారి. సత్యార్థ ప్రకాశం 1884 ముద్రణలో దయానందుడు బైబిలును అధ్యాయాల వారీగా ఖండించాడు. హైదరాబాద్‌లో సమాజం 1892లో మొదలై జిల్లాలకు పాకింది. తరవాత కోస్తా హేతువాదులు వచ్చారు. చీరాల ఎన్.వి. బ్రహ్మం రాసిన బైబిల్ బండారం వాళ్ల వైపు నుంచి వచ్చిన ఘాటైన పుస్తకం. వీళ్లలో ఎవరినీ శత్రువులుగా తలచనక్కరలేదు. మనం తెరవని పేజీలు వాళ్లు తెరిచారు.

1978 ఈ కథలో విచిత్రమైన ఏడాది. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో కరీంనగర్ సొంత డయాసిస్ అయింది ఆ ఏడాదే. అక్టోబరులో చికాగోలో రెండు వందల మందికి పైగా సువార్తిక నాయకులు కూడి, బైబిలు మూలప్రతుల్లో ఏ పొరపాటూ లేదని ప్రకటన చేశారు. డిసెంబరులో కరుణామయుడు విడుదలైంది. విజయచందర్ ముఖంతో నాలుగు సువార్తలూ ఒకే సినిమా అయ్యాయి. తెర కట్టి ఊరూరా ఆడిన ఆ సినిమా ఎన్నో ఇళ్లలో తాతియాను పనే చేసింది. అంతకు ముందే జాషువా క్రీస్తు చరిత్రతో పద్యంలో ఆ పని చేశాడు, 1964లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. కవికీ సినిమాకీ ఆ స్వేచ్ఛ ఉండాల్సిందే. చిక్కంతా చికాగో తరహా వాదన ప్రసంగ వేదిక ఎక్కినప్పుడు. పొరపాటు లేదని ముందే తీర్మానించుకున్నవాడు తేడాను ఎలాగైనా సర్దాలి. అమెరికాలో హెరాల్డ్ లిండ్సెల్ 1976లో, కోడి కూతల లెక్క కుదరక, యేసును ఎరగనని పేతురు ఆరుసార్లు బొంకాడని రాశాడు. మూడుసార్లని నాలుగు సువార్తలూ ఏకకంఠంతో చెబుతున్నాయి. సర్దడానికి పోయి నలుగురినీ తప్పు పట్టినట్టయింది.

బొగ్గు గనులతో పాటు కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనికి తమ తమ సంఘాలనూ తెచ్చుకున్నాయి. ఒక్కో సంఘానికి ఒక్కో జవాబు. కాథలిక్కులకు 1943లో పోపు 12వ పయస్ లేఖ, 1965లో రెండో వాటికన్ మహాసభ దైవావిష్కరణ మీద చేసిన ప్రకటన, రచయిత కాలాన్నీ శైలినీ గమనించి చదవమని బాట వేశాయి. సి.ఎస్.ఐ. పాస్టర్లు హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో మూలాల విమర్శ చదువుకునే వస్తారు. మార్కు చివరి పన్నెండు వచనాలు అతి పాత ప్రతులు రెండింటిలో లేవని వాళ్లకు తెలుసు. పల్లెకు వచ్చాక ఆ మాట నోరు దాటదు. విశ్వాసులు కంగారుపడతారని అయ్యగార్ల భయం. ఇది ప్రేమతో పుట్టిన భయమే. కాని ఇంటర్ చదివే పిల్ల అదే సంగతి ఫోనులో మొదటిసారి, ఎగతాళి గొంతుతో విన్నప్పుడు, మా అయ్యగారికి ఇది తెలియదా, తెలిసీ దాచారా అనుకుంటుంది. ఆ రెండో అనుమానం చేసే గాయం తేడా తెలియడం వల్ల అయ్యేదానికన్నా లోతు.

సండే స్కూల్ పెద్ద పిల్లలకు ఒక్క పాఠం చెప్పమంటే నేను దావీదు కొన్న కళ్లం ఎంచుకుంటాను. వరి నూర్చే ఊళ్లలో కళ్లమంటే వివరించనక్కరలేదు. రెండో సమూయేలు 24వ అధ్యాయం ఒక పక్క, మొదటి దినవృత్తాంతములు 21వ అధ్యాయం ఇంకో పక్క తెరవాలి. జనాభా లెక్క తీయమని దావీదును పురికొల్పింది సమూయేలులో యెహోవా కోపం, దినవృత్తాంతములలో సాతాను. కత్తి పట్టగల ఇశ్రాయేలు వారు ఒకచోట ఎనిమిది లక్షలు, మరోచోట పదకొండు లక్షలు. కళ్లం యజమాని ఒకచోట అరౌనా, ఒకచోట ఒర్నాను. ధర ఒకచోట యాభై తులాల వెండి, ఒకచోట ఆరు వందల తులాల బంగారం. తల్మూదు పండితులు పన్నెండు గోత్రాల నుంచి యాభై చొప్పున వసూలు చేస్తే ఆరు వందలని లెక్క కట్టారు. కొందరు వెండి కళ్లానికీ ఎద్దులకూ, బంగారం ఆ స్థలమంతటికీ అన్నారు. పిల్లలు ఈ జవాబులూ వినాలి, బరువు చూడాలి. ఆ తరవాత, దినవృత్తాంతములు రాసినవాడు బబులోను చెర ముగిశాక, రాజూ రాజ్యమూ పోయి గుడి ఒక్కటే మిగిలిన జనం కోసం రాశాడని చెప్పాలి. కీడును నేరుగా దేవుడికి అంటగట్టడానికి ఆ తరం వెనకాడిందనీ చెప్పాలి. రెండో దినవృత్తాంతములు మూడో అధ్యాయం మొదటి వచనం తీస్తే, సొలొమోను మందిరం కట్టింది ఆ కళ్లం మీదేనని ఉంటుంది. సమూయేలులో ఆ మాట లేదు. ధర ఎందుకు పెరిగిందో పిల్లలు అక్కడినుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.