శేషాచలం ఎర్రచందనం: మారిన గాలి చరిత్ర

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అందులోని కొంత భాగాన్ని, నెల్లూరు జిల్లాలోని కొంత భాగాన్ని కలిపి 2022లో తిరుపతి జిల్లాను ఏర్పాటు చేశారు. ఈ రెండింటినీ చూసిన ఎర్రచందనం చెట్టు ఒకటి శేషాచలం కొండల్లో ఉందనుకోండి. దాని కాలంలో పాలనా సరిహద్దులే కాదు, గాలి కూడా మారింది. 1911లో గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 300 పాళ్లున్న కార్బన్ డై ఆక్సైడ్ 2022 నాటికి సుమారు 418కి చేరింది. మొదటి అంకె ధ్రువప్రాంతపు మంచులో చిక్కుకున్న గాలి బుడగల ద్వారా తెలిసింది. రెండవది నేరుగా కొలిచినది.

ఈ మార్పు చెట్టుకు మేలు చేసిందా? ఈ వాయువు ఆకుకు ముడిసరుకు. అది పెరిగితే కిరణజన్య సంయోగక్రియ వేగవంతమవుతుంది. పత్రరంధ్రాలు కొంత మూసుకొని నీరు ఆదా అవుతుంది. వానలు తక్కువైన రాయలసీమలో ఇది చిన్న విషయం కాదు. అయితే అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో చెట్ల తోటలోకి ఈ వాయువును అదనంగా వదిలి ఏళ్ల తరబడి పరిశీలించారు. మొదట కనిపించిన అదనపు పెరుగుదల, నేలలో నత్రజని చాలక క్రమంగా తగ్గిపోయింది. ఎర్రచందనం పొడి కాలంలో ఆకు రాలుస్తుంది. ఆకు లేనప్పుడు గాలిలో ఎంత ఉన్నా దానికి ఉపయోగం లేదు.

కాబట్టి గాలి ఒక్కటే చెట్టు చరిత్రను నిర్ణయించదు. నేల, నీరు, మనిషి గొడ్డలి కూడా నిర్ణయిస్తాయి. నరికిన చెట్టు గాలి నుంచి కర్బనాన్ని తీసుకోలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కార్బన్ డై ఆక్సైడ్ పెరిగినా చెట్టు పెరుగుదల ఎందుకు ఆగిపోవచ్చు? రెండు కారణాలు రాయండి.