సత్ప్రవర్తన, ఉద్యోగ చరిత్ర, ఒక న్యూజెర్సీ కేసు

పార్సిప్పనీలో పౌరసత్వానికి దరఖాస్తు చేయబోయే తెలుగువారిలో చాలామంది ఎన్-400 పత్రంలో గత అయిదేళ్ళ ఉద్యోగ వివరాలు అడిగే చోట ఆగిపోతారు. గ్రీన్‌కార్డు ఇప్పించిన కంపెనీని త్వరగా విడిచినందుకో, కొన్ని నెలలు ఖాళీగా ఉన్నందుకో తమ ‘సత్ప్రవర్తన’కు మచ్చ వస్తుందేమోనన్నది వారి భయం. మన పత్రికల్లో ఈ మాట ఎక్కువగా ఖైదీల విడుదల వార్తల్లోనే కనిపిస్తుంది కనుక, ఆ భయం సహజమే.

ఈ షరతు అమెరికా పౌరసత్వ చట్టమంత పాతది. 1790 నాటి తొలి చట్టమే సత్ప్రవర్తనను కోరింది. 1795లో దానికి ‘నైతిక’ అన్న విశేషణమూ, అయిదేళ్ళ నివాసమూ చేరాయి. 1906 చట్టం ఇద్దరు పౌరుల సాక్ష్యం అడిగింది. కానీ భారతీయులకు ఆ పరీక్ష దాకా వెళ్ళే అర్హతే లేదని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లెడర్లీ పరిశోధనశాలలో ఎంత గొప్ప పని చేస్తున్నా, యల్లాప్రగడ సుబ్బారావుకు ఆ తలుపు 1946 దాకా మూసే ఉంది. అది తెరుచుకున్న రెండేళ్ళకు, పౌరుడు కాకుండానే ఆయన మరణించారు.

సత్ప్రవర్తనకు అడ్డువచ్చేవాటిని 1952 చట్టం జాబితాగా ఇచ్చింది. జూదం మీద బతకడం, తాగుబోతుతనం అందులో ఉన్నాయి. ఉద్యోగం మారడం లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక అదే కంపెనీలో ఇంతకాలం ఉండాలన్న గడువూ చట్టంలో లేదు. ఆ ఉద్యోగం నిజమైనదేనా అని అధికారి అడగవచ్చు. అయితే అది గ్రీన్‌కార్డు సక్రమంగా వచ్చిందా అన్న ప్రశ్న, శీలానికి సంబంధించినది కాదు. మనవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తుంటారు. జాబితాలో నిజంగా భయపడవలసినది వేరే ఉంది: ప్రయోజనం కోసం చెప్పే అబద్ధపు సాక్ష్యం.

దాని అర్థం తేలినది ఒక న్యూజెర్సీవాసి కేసులోనే. లిథువేనియా నుంచి వచ్చి 1954లో పౌరుడైన యువోజాస్ కుంగిస్ యుద్ధకాలపు హత్యాకాండలో పాల్గొన్నాడని ప్రభుత్వం ఆరోపించింది. అది ఋజువు కాలేదని జిల్లా కోర్టు చెప్పింది. మిగిలినవి పుట్టిన తేదీ, ఊరు, యుద్ధకాలపు ఉద్యోగం వంటి వివరాల గురించి చెప్పిన అబద్ధాలు. తేదీ, ఊరు విషయంలో చెప్పినది ఫలితాన్ని మార్చేటంత ముఖ్యం కాదని 1988లో సుప్రీంకోర్టు భావించింది. అయితే అబద్ధపు సాక్ష్యానికి ఆ మినహాయింపు లేదన్నది. అబద్ధం ఎంత చిన్నదైనా సత్ప్రవర్తన పోతుంది. కాకపోతే అది ప్రమాణం చేసి, ప్రయోజనం పొందే ఉద్దేశంతో, నోటితో చెప్పినదై ఉండాలి. పొరపాటున తప్పిన తేదీ దీని కిందికి రాదు. కాగితం మీద రాసినంత మాత్రాన సాక్ష్యం కాదు.

నేటి ముఖాముఖిలో అధికారి ముందుగా కుడిచేయి ఎత్తించి ప్రమాణం చేయిస్తారు. పత్రంలో రాసిన ఉద్యోగాల గురించి నోటితో అడిగేది ఆ తరువాతనే.