ఎవరి సంతకం? గర్భస్రావ చట్టమూ దవాఖానా గడపా

కడుపు వద్దనుకున్న ఆడమనిషి సర్కారు దవాఖానాకి పోతే చాలా చోట్ల ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఆమె ఒంటి గురించి కాదు. "మీ ఆయన వచ్చిండా?" అనేది మొదటి ప్రశ్న. "ఎంతమంది పిల్లలు? ఆపరేషన్ చేయించుకుంటవా?" అనేది రెండో ప్రశ్న. భర్తను తెమ్మని గానీ, ఆపరేషన్‌కి ఒప్పుకుంటేనే పని చేస్తామనమని గానీ చట్టం ఎక్కడా చెప్పలేదు. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ సంతకం ఒక్కటే చాలు. యాభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్నలు ఎందుకు పోలేదు? డాక్టర్లలో మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు ఉంటారనుకుంటే సరిపోదు. ఆ ప్రశ్నలకు చరిత్ర ఉంది. దాన్ని దళిత స్త్రీ వైపు నుంచి చదివే ప్రయత్నమే ఈ వ్యాసం.

వితంతువు మీద జాలి, మంత్రసాని మీద కేసు

గర్భస్రావాన్ని పాపం అన్నది శాస్త్రాలు. నేరం అని రాసి జైలు శిక్ష పెట్టింది మాత్రం తెల్లదొరల 1860 నాటి శిక్షాస్మృతి. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భం తీస్తే మూడేళ్ళ దాకా, బిడ్డ కదలిక తెలిశాక అయితే ఏడేళ్ళ దాకా జైలు అన్నది 312వ సెక్షన్. తన గర్భం తానే తీసుకున్న స్త్రీ కూడా ముద్దాయే. ఆ సెక్షన్ చరిత్రలో కలిసిపోయిందనుకుంటే పొరపాటు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 88వ సెక్షన్‌గా ఉంది. అంటే గర్భస్రావం ఈనాటికీ నేరమే. 1971 చట్టం ఆ నేరానికి కొన్ని మినహాయింపులు మాత్రమే ఇచ్చింది.

పందొమ్మిదో శతాబ్దపు సంస్కరణ చరిత్రలో ఈ విషయం వచ్చిన ప్రతిచోటా ముందు కనిపించేది బ్రాహ్మణ వితంతువే. 1863లో పూణేలో జోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు శిశుహత్యల నివారణకు ఒక ఆశ్రయం తెరిచారు. గర్భం వచ్చిన బ్రాహ్మణ వితంతువులు రహస్యంగా వచ్చి ప్రసవించి పోవచ్చన్నారు. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్య కేసులో శిక్ష పడింది. దాని మీద రేగిన చర్చకు జవాబుగానే తారాబాయి శిందే 1882లో 'స్త్రీ పురుష తులన' రాసింది. అదే 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. బ్రాహ్మణ స్త్రీల కడుపుకోతకు ఇల్లు తెరిచింది ఒక శూద్ర దంపతులు అన్న సంగతి మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంగా కూడా రాదు.

ఈ కథలో ఇంకో ఆడది ఉంది. కానుపు చేసే మంత్రసాని. చాలా ఊళ్ళలో ఆమె మంగలి, చాకలి, మాల, మాదిగ కులాల స్త్రీ. బొడ్డు కోసేది, మాయ పూడ్చేది, నెత్తుటి బట్టలు ఎత్తేది ఆమె. ఆ పని ముట్టుకుంటే మైల కాబట్టి అది ఆమెకు వచ్చింది. పెద్దింట్లో కడుపు నిలిచి పరువు పోతుందనుకున్నప్పుడు రాత్రి పూట కబురు వచ్చేదీ ఆమెకే. తెల్లదొరల వైద్య న్యాయశాస్త్ర పుస్తకాలు, 1856లో నార్మన్ చీవర్స్ బెంగాల్‌లో అచ్చువేసిన గ్రంథం మొదలుకొని, చిత్రమూలం వేరు లాంటి నాటు పద్ధతుల గురించి పేజీలకు పేజీలు రాశాయి. ఆ పద్ధతులతో ఆడవాళ్ళు చచ్చిపోయిన మాట నిజం. మేము మంత్రసానిని దేవతను చేయబోవడం లేదు. కానీ వితంతువుకు జాలి దొరికిన చోట మంత్రసానికి దొరికింది కేసు అనే సంగతి మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మరి కడుపుతో ఉన్న దళిత స్త్రీ ఏది? ఆమె ఆ చర్చలో లేదు. మన కులాల్లో మారుమనువు ఉంది కాబట్టి వితంతువు సమస్య ఆ రూపంలో లేదని చెప్పుకోవచ్చు. అది సగం జవాబే. జోగినిగా వదిలేసిన పిల్లకు, దొర పొలంలో కూలికి పోయిన పిల్లకు వచ్చిన కడుపు ఎవరి పరువునూ తీయలేదు. పరువు పోనిచోట సంస్కరణ కూడా రాలేదు. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది.

1971: హక్కు కాదు, అనుమతి

1964లో కేంద్రం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. చాటుమాటు గర్భస్రావాలతో స్త్రీలు చనిపోతున్నారని, చట్టాన్ని సడలించాలని 1966లో ఆ కమిటీ చెప్పింది. 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. అయితే ఆ చట్టంలో నిర్ణయించేది స్త్రీ కాదు, డాక్టరు. గర్భం కొనసాగితే ఆమె ప్రాణానికో, శరీరానికో, మనసుకో తీవ్రమైన హాని ఉందని డాక్టరు 'అభిప్రాయపడాలి'. పన్నెండు వారాల దాకా ఒక డాక్టరు, ఇరవై వారాల దాకా ఇద్దరు. ఆమె ఇచ్చేది సమ్మతి. ఆయన ఇచ్చేది అనుమతి.

ఇంకో మెలిక కూడా ఉంది. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భాన్ని మానసిక హానిగా లెక్కించవచ్చని వివరణ ఇచ్చారు గానీ, అది 'వివాహిత స్త్రీ లేక ఆమె భర్త' వాడిన సాధనానికే. పెళ్ళికాని కూలిపిల్ల, మొగుడు వదిలేసిన మనిషి, జోగిని ఆ వాక్యం బయటే ఉన్నారు. వాళ్ళు వేరే కారణం చూపించుకోవాలి. 'మీ ఆయన వచ్చిండా' అన్న ప్రశ్న మొలిచింది ఇక్కడే అని మేము అనుకుంటున్నాము.

ఆ వాక్యం మారడానికి యాభై ఏళ్ళు పట్టింది. బిడ్డను కనాలో వద్దో నిర్ణయించుకోవడం ఆర్టికల్ 21 కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లో సుప్రీంకోర్టు అన్నది. 2021 సవరణ 'ఏ స్త్రీ అయినా లేక ఆమె భాగస్వామి' అని రాసింది. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలన్నది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య కూడా పెళ్ళికాని స్త్రీలను వేరు చేయకూడదని తీర్పు చెప్పింది. చట్టంలో లేని షరతులు, కుటుంబం ఒప్పుకోలు లాంటివి, డాక్టర్లు అడగడం తప్పని అదే తీర్పులో ఉంది.

కడుపు తీయాలంటే ఆపరేషన్

రెండో ప్రశ్నకు మూలం జనాభా లెక్కల్లో ఉంది. 1938 నవంబర్‌లో బొంబాయి శాసనసభలో అంబేద్కర్ పార్టీ తరఫున పి.జె. రోహం గర్భనిరోధం మీద ఒక తీర్మానం పెట్టాడు. కనడం, కనకపోవడం స్త్రీ ఇష్టం మీద ఉండాలన్నది అంబేద్కర్ వాదన. సభ ఆ తీర్మానాన్ని ఓడించింది. స్వతంత్రం వచ్చాక 1952లో ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ చేపట్టింది. కానీ ఇష్టం అన్న మాట పోయి లక్ష్యం అన్న మాట వచ్చింది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, 82 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. వాటిలో ఎక్కువ మగవాళ్ళవి. 1977 ఎన్నికల్లో దెబ్బ తిన్నాక పాలకులు మగవాళ్ళ జోలికి పోలేదు. కత్తి ఆడవాళ్ళ వైపు తిరిగింది.

అప్పట్నుంచి కడుపు తీయించుకోవడానికి వచ్చిన స్త్రీ ఆసుపత్రికి ఒక 'కేసు' అయింది. టార్గెట్ నింపుకోడానికి దొరికిన కేసు. లక్ష్యాలను 1996లో కాగితం మీద ఎత్తేశారు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయి సంతానవయసులో ఉన్న స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ అయినవాళ్ళు. ఈ ఏడుగురిలో ఎంతమంది సంతకం ఇష్టంతో పెట్టింది? ఎంతమంది వేలిముద్ర ఇంకో పని కోసం వచ్చినప్పుడు తీసుకున్నది?

గడప దాటాక

ఇంత చరిత్ర వెనక ఉంది కాబట్టే, తొలి నెలల్లో గర్భం తీయించుకోబోయే స్త్రీకి దవాఖానాలో ఏం జరగాలో ముందే తెలిసి ఉండాలి. తెలిస్తేనే అడగగలదు.

మొదట చివరిసారి ముట్టయిన తేదీ అడుగుతారు. వారాలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచి. కడుపు, గర్భసంచి పరీక్ష చేస్తారు. రక్తం ఎంత ఉందో, ఏ గ్రూపో చూస్తారు. గ్రూపు నెగెటివ్ అయితే ఒక ఇంజెక్షన్ అవసరం కావచ్చు. చాలా చోట్ల స్కానింగ్ రాస్తారు గానీ చట్టం దాన్ని తప్పనిసరి చేయలేదు. గర్భం సంచిలో కాకుండా ట్యూబులో ఉందేమో అనే అనుమానం వస్తే మాత్రం స్కానింగ్ ప్రాణం కాపాడుతుంది. ట్యూబు గర్భానికి మాత్రలు పనిచేయవు.

తర్వాత 'సి' ఫారం. అందులో సంతకమో వేలిముద్రో ఆమెదే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లకు, మానసిక వ్యాధి ఉన్న స్త్రీకి మాత్రం సంరక్షకులు రాసివ్వాలి. ఆమె పేరు, వివరాలు బయటపెట్టకూడదని 2021 సవరణ చెప్పింది. పెడితే ఏడాది దాకా జైలు.

తొమ్మిది వారాల లోపయితే మాత్రలతో అవుతుంది. మొదటిరోజు మిఫెప్రిస్టోన్, ఒకటిన్నర రెండు రోజుల తర్వాత మిసోప్రోస్టోల్. రెండో మందు పడిన కొన్ని గంటల్లో కడుపునొప్పి, ముట్టు కంటే ఎక్కువ రక్తం, గడ్డలు వస్తాయి. అది మామూలే. కొంచెం కొంచెంగా పది పన్నెండు రోజులు పోవచ్చు. నొప్పికి మాత్ర అడగాలి. రెండు వారాలకు మళ్ళీ పోయి పూర్తిగా అయిందో లేదో చూపించుకోవాలి. గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసి వరసగా రెండు గంటలు అలాగే ఉంటే, జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోతే, వాసనతో తెలుపు పోతే, మందు వేసుకున్నాక అసలు రక్తమే రాకపోతే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

పన్నెండు వారాల లోపు ఇంకో పద్ధతి, గాలి ఒత్తిడితో లాగి శుభ్రం చేయడం. గర్భసంచి మూతి దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు. పావుగంటలో అవుతుంది. కొన్ని గంటలు పడుకోబెట్టి అదే రోజు పంపుతారు. గీకి తీసే పాత పద్ధతిని మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నొప్పికి మందు అడిగితే "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అనే మాట మన వాడల ఆడవాళ్ళకు కొత్త కాదు. ఆ మాట వైద్యం కాదు, మైల భావనకు తెల్లకోటు తొడిగిన రూపం. నొప్పి తగ్గించడం చికిత్సలో భాగం.

ఆ తర్వాత పిల్లలు కాకుండా ఏం వాడాలో చెబుతారు. చెప్పాలి కూడా. ఆపరేషన్, లూప్, మాత్రలు, నిరోధ్, ఏదైనా ఆమె ఎంచుకునేది. వద్దంటే వద్దే. దానికీ గర్భస్రావానికీ లంకె లేదు.

రెండు ఆర్ఎంపీలు

చట్టం 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్' చేతనే ఈ పని చేయించాలంటుంది. మన ఊళ్ళలో ఆర్ఎంపీ అంటే డిగ్రీ లేకుండా సూది వేసే డాక్టరు. ఈ రెండు ఆర్ఎంపీల మధ్య ఉన్న దూరమే దళిత స్త్రీ నడవాల్సిన దూరం. 2015లో దేశంలో కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, అందులో నూటికి 73 ఆసుపత్రులకు బయట మాత్రలతో అయ్యాయని 2018లో అచ్చయిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆడవాళ్ళు మెడికల్ షాపుకి పోతున్నది అజ్ఞానంతో అని పెద్దలు అంటారు. షాపువాడు మొగుడు ఏడని అడగడు, ఆపరేషన్ చేయించుకొమ్మనడు, ఎవరికీ వినపడేలా పేరు పిలవడు. ఆమె లెక్క ఆమెకుంది. కానీ ఆ లెక్కలో రక్తం ఎక్కువ పోతే చూసే దిక్కు లేదు.

కాబట్టి ప్రశ్న ఆమెను దవాఖానాకి ఎలా తేవాలన్నది కాదు. దవాఖానాను ఆ రెండు ప్రశ్నల నుంచి ఎలా విడిపించాలన్నది. మంత్రసాని చేతి నుంచి ఈ పనిని తీసుకుని తెల్లకోటుకి ఇచ్చిన రాజ్యం, ఆమెతో పాటు తీసేసుకున్న నమ్మకాన్ని ఇంకా తిరిగి ఇవ్వలేదు. అది వచ్చేదాకా మన అక్కాచెల్లెళ్ళకు మేము చెప్పేది ఒక్కటే. ఆలస్యం చేయొద్దు, ఒంటరిగా పోవద్దు, తోడు ఒక ఆడమనిషిని తీసుకుపోండి. ఫారం ఇస్తే చదివించుకోండి. అందులో ఉండాల్సిన సంతకం ఒక్కటే, అది మీదే.